చెవితో వేయించిన బాదంపప్పు

ఇల్లు, వంటగది బల్ల
జనవరి 9

గాలిమరదలికి,

పేరు మార్చానని కోపం తెచ్చుకోకు. కొండెక్కి కూర్చుని గాలి ఎటు వీస్తోందో, ఎంత వీస్తోందో రోజూ పుస్తకంలో రాసుకునే ఉద్యోగానికి అంతకంటే మంచి పేరు నాకు తట్టలేదు.

ఈ ఉత్తరంతోపాటు ఒక రేకు డబ్బా కూడా సరుకుల వ్యానులో వస్తుంది. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు సగం డబ్బా ఖాళీ చేసి, "వదినా, ఇది అక్కడ దొరికితే నేను కొండ దిగనే దిగను" అన్నావే, ఆ తీపి బాదంపప్పే. ఈసారి జీడిపప్పు, అక్రోట్లు కూడా కలిపాను. నీతో ఉన్న ముగ్గురికీ తలా గుప్పెడు పెట్టు. నీ పెద్దసారుకి మాత్రం రెండు గుప్పెళ్ళు. సెలవు ఇచ్చే చెయ్యి ఆయనదే కదా.

ఎలా చేస్తావని అడిగావు. రెండు గ్లాసుల పప్పుకి ఒక గ్లాసు పంచదార, పావు గ్లాసు నీళ్ళు. పాకం కుతకుతలాడుతుంటే పప్పులు పోసి కలుపుతూనే ఉండాలి. కాసేపటికి పాకం విరిగి ఇసకలా పప్పులకి అంటుకుంటుంది. అక్కడే చాలామంది చెడిపోయిందనుకుని పొయ్యి ఆర్పేస్తారు. ఏమీ చెడిపోదు. మంట తగ్గించి ఓపిగ్గా కలిపితే ఆ ఇసకే మళ్ళీ కరిగి పప్పు మీద అద్దంలా పూత పడుతుంది. దించేముందు దాల్చినచెక్క, యాలకులు, లవంగం, శొంఠి పొడులు, చిటికెడు ఉప్పు, చిటికెడు కారం. పళ్ళెంలో పరిచి చల్లారేలోపు విడదీసుకోవాలి. అంతే.

నా జ్వరం తగ్గింది. రెండు వారాలు మంచం దిగలేదు గానీ ఇప్పుడు పాలకేంద్రానికి వెళ్తున్నాను. పొద్దున్నే ఆరింటికల్లా క్యాన్ల వరస, మూత తియ్యడం, వాసన చూడడం, మంచివి అటు, పులిసినవి ఇటు. నీకు తెలిసిందే. పప్పు వేయిస్తుంటే ఇల్లంతా ఘుమఘుమలాడిందని మీ అన్నయ్య అన్నారు. పొద్దస్తమానం డిపోలో బస్సుల కింద పడుకుని మరమ్మతులు చేసే మనిషికే తెలిసిందంటే చూసుకో.

మీ వదిన


వాతావరణ కేంద్రం, కొండ మీద
జనవరి 20

వదినకు,

డబ్బా చేరింది. ఇక్కడ ఫోను సిగ్నలు మన దూరపు చుట్టాల లాంటిది, వస్తే నిలవదు, నిలిస్తే మాట్లాడదు. అందుకే ఉత్తరం.

ముందు పొగడ్త. పూత అద్దంలాగే ఉంది. అక్రోట్లు కలపడం మంచి ఆలోచన. ఇక నిజం చెప్పనా? కొట్టవుగా? రెండోది నోట్లో వేసుకోగానే మా కేంద్రంలో రేడియో పని చూసే అన్న మొహం మాడిపోయింది. లవంగం మోత మోగిపోతోంది వదినా. నాలుక మొద్దుబారిపోయింది. పైగా అడుగున ఉన్న పప్పులు చేదు, పాకం మాడిన చేదు. వంటాయన చెంబెడు నీళ్ళు తాగి, "మీ వదినగారికి మా మీద ఏమైనా కోపమా అమ్మా?" అన్నాడు. పెద్దసారు మాత్రం మర్యాదస్తుడు, రెండు గుప్పెళ్ళూ తిన్నారు. తరవాత సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఇది నీ చేతి వంట కాదు. అన్నయ్య చేశాడా? చేస్తే చెప్పు, వాడితో పప్పులు వేయించే హక్కు నీకు ఎవరిచ్చారో అడుగుతాను.

నిన్న పొద్దున పైగాలి కొలిచే బెలూను వదిలాం. మంచులోంచి పైకి పోతూ పోతూ ఒక్కసారి ఎండ తగిలి నారింజపండులా వెలిగింది. నువ్వుంటే బాగుండుననిపించింది.

నీ మరదలు


ఇల్లు
ఫిబ్రవరి 2

మహారాజశ్రీ మరదలుగారికి,

తమరి నాలుకకి కలిగిన కష్టానికి చింతిస్తున్నాము. లవంగాలు ఈసారి ఘాటుగా వచ్చాయేమో. కొత్త కొట్లో కొన్నాను. మీ అన్నయ్య పొయ్యి దగ్గరికి రాలేదు, ఆయన్ని ఏమీ అనకు.

ఇక్కడ పని ఒత్తిడిగా ఉంది. పోయిన గురువారం కేంద్రంలో పెద్ద ట్యాంకు పాలు మొత్తం విరిగిపోయాయి. మేనేజరు దగ్గరుండి కాలవలో పోయించారు. ట్యాంకు సరిగ్గా కడగలేదని తేల్చి, ట్యాంకులు కడిగే అక్కని పనిలోంచి ఆపేశారు. అందరం తలా ఒక చెయ్యి వేసి ఆ పని కూడా చూసుకుంటున్నాం. అందుకే తీరిక లేదు.

పప్పుల సంగతి ఇక ఎత్తకు. కొట్లో కొనుక్కోండి.

వదిన


వాతావరణ కేంద్రం
ఫిబ్రవరి 11

వదినా,

నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మేం ఇక్కడ చేసే పని అదే. నిన్నటి కాగితం, ఇవాళ్టి కాగితం పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూడడం.

మొదటి దాంట్లో "ఇల్లంతా ఘుమఘుమలాడిందని మీ అన్నయ్య అన్నారు" అని రాశావు. నీకు అన్నయ్య చెప్పాలా? నా చిన్నప్పుడు నేను బడిలో ఎవరి పక్కన కూర్చున్నానో నా జడకి అంటిన వాళ్ళ నూనె వాసన బట్టి చెప్పేదానివి. లవంగం ఎంత ఘాటో పొట్లం విప్పకుండా చెప్పేదానివి. నువ్వు కొత్త కొట్టు మీద నేరం మోపుతున్నావు.

జ్వరంలో ఏమైంది? నీకు వాసన తెలుస్తోందా?

మిగతాదేమీ రాయకు. దీనికి మాత్రం జవాబు రాయి.

నీ మరదలు


ఇల్లు, వెనక వరండా
ఫిబ్రవరి 18

అమ్మలూ,

తెలియడం లేదు.

ఈ రెండు మాటలూ మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు.

జ్వరం వచ్చిన నాలుగో రోజో అయిదో రోజో వాసన పోయింది. పోయిందని కూడా నాకు తెలియలేదు. మొహం కడుక్కుంటుంటే సబ్బు రాయిలా అనిపించింది. మంచి సబ్బు కాదేమోనని మీ అన్నయ్యని పంపి వేరేది తెప్పించాను. అదీ రాయే. అప్పుడు వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ ఒక్కొక్కటీ మూత తీసి చూశాను. ఇంగువ డబ్బాలో మొహం పెట్టాను. ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టుంది.

నా పని ముక్కు పని. పదహారేళ్ళు. మేనేజరు కొత్తవాళ్ళకి నన్ను చూపించి, "ఈమె వాసన చూసిందంటే ఇక మిషను అక్కర్లేదు" అనేవారు. ఆ మాట పోతుందేమోనని భయపడ్డాను. వారంలో వచ్చేస్తుంది కదా, అంతవరకు నెట్టుకొద్దాం అనుకున్నాను. మూత దగ్గర ముక్కు పెట్టేదాన్ని, కళ్ళు మాత్రం క్యాను తెచ్చిన మనిషి మొహం మీద ఉండేవి. చూపు తప్పించిన వాళ్ళ క్యాను పక్కన పెట్టించేదాన్ని. ఆశ్చర్యం ఏమిటంటే రోజూ సరిపోయేది. మనిషి మొహంలో ఎంత తెలుస్తుందో నాకే వింతగా ఉండేది.

ఆ గురువారం ఎవరూ చూపు తప్పించలేదు. తెచ్చినవాడికే తెలియని పులుపు అది. నేను తలూపాను, క్యాను ట్యాంకులోకి వెళ్ళింది.

ట్యాంకు విరిగితే కడగడంలో లోపం అన్నారు. నా ముక్కు మీద ఎవరికీ అనుమానం రాలేదు. అదే నన్ను చంపుతోంది. ట్యాంకులు కడిగే అక్క తన రబ్బరు బూట్లు చేత్తో పట్టుకుని నా ముందునుంచే వెళ్ళిపోయింది. నేను తల దించుకుని మూతలు తుడుస్తున్నట్టు నటించాను.

నీకు పంపిన పప్పుల్లో లవంగం ఎందుకు మోగిపోయిందో ఇప్పుడు తెలిసిందిగా. వాసన తగలాలని వేస్తూ పోయాను.

మీ వదిన


వాతావరణ కేంద్రం
ఫిబ్రవరి 27

వదినా,

తిట్టాలని కాగితం తీసుకున్నాను. నీ ఉత్తరం మళ్ళీ చదివితే తిట్టు రాలేదు. ఏడుపొచ్చింది. అయినా ఒక మాట చెప్పాలి, మరదల్ని కాబట్టి చెప్పగలను. ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున మొదటి క్యాను మూత తియ్యకముందే మేనేజరు గదికి వెళ్ళు. ఆ అక్క నాలుగు వారాలుగా ఇంట్లో కూర్చుని ఉంది.

ఇక రెండోది. నెలకోసారి మమ్మల్ని చూడ్డానికి కింద ఊరినుంచి డాక్టరమ్మ వస్తుంది. ఆవిడని అడిగాను, నీ పేరు చెప్పలేదులే. ఆవిడ చెప్పింది వింటే నాకు ఒళ్ళు జలదరించింది. ముక్కు లోపల బాగా పైన, కళ్ళ మధ్య అంత ఎత్తులో, వాసన పట్టే నరాల కొసలుంటాయట. ఒంట్లో చాలా నరాలు పోతే పోయినట్టే. ఇవి మాత్రం మనం పుట్టినప్పటినుంచీ రాలుతూ, కొత్తవి మొలుస్తూ ఉంటాయట. జ్వరం ఆ చోటంతా కోసేసినా, అడుగున వేరు మిగిలితే మళ్ళీ రావచ్చట. అందరికీ వస్తుందని మాట ఇవ్వలేనంది. నెలలు పట్టచ్చు, ఏడాదీ పట్టచ్చు.

ఊరికే కూర్చోకూడదట. నాలుగు వాసనలు ఎంచుకుని, పొద్దునా సాయంత్రం ఒక్కోటీ ముక్కు దగ్గర కాసేపు పట్టుకోవాలట. ఏమీ రాకపోయినా, ఆ వాసన ఎలా ఉండేదో మనసులో గుర్తు చేసుకుంటూ పీల్చాలట. నీకు నాలుగూ నేనే ఎంచుతున్నాను. దాల్చినచెక్క, లవంగం, యాలకులు, శొంఠి. నీ పప్పుల్లో పడేవే. అవి నీకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసినవి.

అన్నయ్యకి చెప్పు. వాడు బస్సు ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషి, నీ మౌనం విని ఏమీ తెలియలేదంటే నేను నమ్మను.

నీ మరదలు


ఇల్లు
మార్చి 10

అమ్మలూ,

చెప్పాను. ముందు మీ అన్నయ్యకి. "రెండు నెలలుగా కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది, ఏమీ అనకుండా తింటున్నాను. నువ్వే చెప్తావని చూస్తున్నాను" అన్నారు.

తరవాత మేనేజరుకి. ఆయన, "నన్ను మోసం చేశావని కోపం లేదమ్మా. నీ మీద నమ్మకంతో నేను ఆమెని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తప్పు నాది" అన్నారు. అరిస్తే బాగుండేది. నన్ను క్యాన్ల దగ్గరనుంచి తీసి వెన్నశాతం చూసే బల్ల దగ్గర వేశారు. అక్కని వెనక్కి పిలుస్తానన్నారు. "కానీ ముందు నువ్వు ఆమె దగ్గరికి వెళ్ళు" అన్నారు.

వట్టి చేతులతో ఎలా వెళ్ళను? పప్పులు వేయిద్దామని పొయ్యి వెలిగించి అలాగే నిలబడిపోయాను. ఎప్పుడు దించాలో నాకు ముక్కే చెప్పేది. అది లేకుండా మూకుడు ముందు నిలబడితే చీకటి గదిలో నిలబడ్డట్టుంది. పొడులు చెంచాతో కొలిచి పెట్టుకున్నాను, నా జన్మలో మొదటిసారి. పాకం పెట్టి పప్పులు పోసి, ఏమీ తోచక కళ్ళు మూసుకుని కలుపుతున్నాను.

అప్పుడు వినపడింది.

మొదట నీళ్ళ మాట, గలగలా. కాసేపటికి బుడగలు బరువెక్కి బొద్దుగా పలికాయి. తరవాత ఒక్క క్షణం అన్నీ ఊరుకున్నాయి. నిజంగా ఊరుకున్నాయి అమ్మలూ, ఎవరో గదిలోకి వచ్చినట్టు. ఆ వెంటనే గరగరా మొదలైంది, పంచదార ఇసక అవుతోంది. కళ్ళు తెరిచి చూస్తే సరిగ్గా అదే. మంట తగ్గించాను. గరగర నెమ్మదిగా మెత్తబడి, తడి కాగితం లాగినట్టు ఒక జిగురు చప్పుడైంది. లోపల పప్పు కాగి, ఒకటి చిట్లింది, రెండోది చిట్లింది. దించేశాను. పళ్ళెంలో పరిచాక, పోయిందనుకున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. చల్లారుతున్న పూత టిక్కు టిక్కుమని, సన్నగా, దూరంగా చినుకు పడుతున్నట్టు. ముప్ఫై ఏళ్ళుగా వేయిస్తున్నాను, ఇవి ఇంత మాట్లాడతాయని నాకు తెలియనే తెలియదు. పళ్ళెం పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. మీ అన్నయ్య వచ్చి, "ఏమైంది?" అంటే నోటి మీద వేలు పెట్టి, ఆయన్నీ పక్కన కూర్చోబెట్టాను. ఆఖరి చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదల్లేదు.

అక్క ఇంటికి వెళ్ళాను. ఇంటి ముందు బట్టలు ఆరేస్తోంది. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. డబ్బా ఆమె తీసుకోలేదు.

"నువ్వు ఆ రోజు తల దించుకున్నావు చూడు, అప్పుడే తెలిసింది నాకు," అంది.

"తెలిసి మరి చెప్పలేదేం అక్కా?"

"ఎవరు నమ్ముతారు? నీ ముక్కు ముందు నా చెయ్యెంత?"

ఆమె బకెట్లోంచి చీర తీసి పిండి, "ఇప్పుడేమీ తెలియదా నీకు? ఈ సబ్బు కూడా?" అంటూ తడి చీర నా మొహానికి దగ్గరగా పట్టింది. తల అడ్డంగా ఊపాను. ఆమె మొహం మారిపోయింది. చీర తీగ మీద వేసేసి, నా చేతిలోంచి డబ్బా తీసుకుని మూత తెరిచి వాసన చూసింది.

"మరి ఇదెలా చేశావు?"

"విని."

ఒకటి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకోటి తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు కూడా తిను. ఎలా ఉందో నేను చెప్తాను" అంది. నేను నములుతుంటే చెప్పింది. ముందు తీపి వస్తుంది, ఆగు, ఇప్పుడు దాల్చినచెక్క, అదిగో వెనక శొంఠి, ఇప్పుడు కారం. ఆమె చెప్పినట్టల్లా నాకు తెలిసినట్టే అనిపించింది. ఇద్దరం గుమ్మంలో నిలబడి అలా ఎన్ని తిన్నామో లెక్క లేదు. సోమవారం నుంచి పనిలోకి వస్తోంది. నన్ను పూర్తిగా క్షమించిందని చెప్పను, పలకరిస్తుంది.

నీకూ ఒక డబ్బా పంపుతున్నాను.

మీ వదిన


వాతావరణ కేంద్రం
మార్చి 24

వదినా,

వంటాయన డబ్బా చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను బలవంతంగా ఒకటి నోట్లో పెట్టాను. ఆ తరవాత డబ్బా అతని చేతిలోంచి లాక్కోవడానికి ముగ్గురం కావాల్సి వచ్చింది.

నువ్వు ఒప్పుకుంటావనే ధైర్యంతో పప్పు వేయించిన ముక్క మాత్రం పైకి చదివాను. చదువుతుండగానే అందరూ నమలడం ఆపేశారు. పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇరవై రెండేళ్ళుగా నేను గాలిని మిషన్లతో కొలుస్తున్నాను. ఒక్కసారి కూడా కళ్ళు మూసుకుని వినలేదమ్మాయ్" అన్నారు. లేచి బయటికి వెళ్ళిపోయారు. కిటికీలోంచి చూస్తే, గాలిమర కింద కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. మేం కూడా ఒక్కొక్కరం వెళ్ళి పక్కన నిలబడ్డాం. ఏం విన్నామో రాయడం నాకు చేతకాదు. నలుగురం చలికి ముక్కులు ఎర్రబడి లోపలికొచ్చాం, ఎవరమూ ఎవరినీ వెక్కిరించలేదు.

పీలుస్తున్నావా, పొద్దునా సాయంత్రం?

నీ మరదలు


ఇల్లు
మే 15

అమ్మలూ,

పీలుస్తున్నాను. ఒక సంగతి రాయాలి, భయంగా ఉంది.

పోయిన వారం పప్పులు దించుతుంటే ముక్కులోకి ఏదో వచ్చింది. అయిదు నెలల తరవాత మొదటిది! గరిటె వదిలేశాను. కానీ అది పప్పు వాసన కాదు. కాలిన రబ్బరు. కాఫీ పెడితే అదే, ఉల్లిపాయ వేయిస్తే అదే. నాకెంతో ఇష్టమైన వాటిల్లోంచే ఈ కంపు వస్తోంది. అసలేమీ లేకపోవడమే నయమనిపించి, నిన్నంతా పొయ్యి వెలిగించలేదు. మీ అన్నయ్య అటుకులు పెరుగులో కలిపి పెట్టారు.

పాలకేంద్రంలో పనిచేసేవాళ్ళని చూసే డాక్టరుకి చెప్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇది మంచి కబురమ్మా! కొత్త కొసలు మొలిచాయి. ఏది ఎక్కడ అతుక్కోవాలో ఇంకా తెలియక తికమక పడుతున్నాయి. ఆపకండి" అన్నారు.

నా ముక్కులో పసిపిల్లలున్నారు అమ్మలూ. మాటలు నేర్చుకుంటూ అన్నింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు. అలా అనుకున్నాక కోపం పోయింది. ఇవాళ మళ్ళీ నాలుగు డబ్బాల మూతలు తీసి, ఒక్కో దాని పేరు పైకి చెప్పి పీల్చాను. నాలుగూ రబ్బరే. రేపు మళ్ళీ చెప్తాను.

మీ వదిన


ఇల్లు
ఆగస్టు 21

చెల్లాయికి,

ఇది నా చేతి రాత. కంగారు పడకు, మీ వదినకి ఏమీ కాలేదు. రాయమంటే "చూసింది మీరు, మీరే రాయండి" అంది. నేను చివరిసారి ఉత్తరం ఎప్పుడు రాశానో నాకే గుర్తులేదు, తప్పులుంటే సర్దుకో.

పాలకేంద్రంలో అందరికీ తలా ఒక పొట్లం ఇవ్వాలని నిన్న మీ వదిన సెలవు పెట్టి పప్పులు వేయిస్తోంది. నేను డిపోలో ఒక గేరుపెట్టె విప్పి బిగించి, ఒళ్ళంతా నల్లగా చేసుకుని మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. తను పొయ్యి వైపు తిరిగి ఉంది. మిక్సీలో దాల్చినచెక్క తిరుగుతోంది. మన మిక్సీ చప్పుడు నీకు తెలుసుగా, పక్కింటివాళ్ళు టీవీ ఆపుకుంటారు. నేను గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతున్నాను.

వెనక్కి తిరక్కుండానే, "ఇవాళ తొందరగా వచ్చారే" అంది.

సరే అని లోపలికి అడుగు వేశాను. వేశాక ఆగిపోయాను. ఆ మోతలో నా అడుగు తనకి వినపడే వీలే లేదు. తలుపు తెరిచే ఉంది, నీడ కూడా అటు పడదు. తనకీ అదే క్షణంలో తట్టినట్టుంది. చెయ్యి మిక్సీ మీదే ఆగిపోయింది. మిక్సీ ఆపింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఇద్దరం బొమ్మల్లా నిలబడ్డాం, కదిలితే పోతుందేమో అన్నట్టు.

నెమ్మదిగా తిరిగి నా దగ్గరికొచ్చింది. నా చొక్కా భుజం దగ్గర ముక్కు పెట్టింది. "డీజిలు," అంది. కాస్త ఆగి, "గ్రీజు." మళ్ళీ పీల్చి, "చెమట." ఒక్కో మాటా పాఠం అప్పజెప్పే పిల్లలా. నేను ఊపిరి కూడా తీసుకోలేదు చెల్లాయ్. ఇన్నేళ్ళుగా ఇంజన్లు విప్పి చూస్తున్నాను, ఆగిపోయింది తనంతట తనే మళ్ళీ తిరగడం ఎక్కడా చూడలేదు. తరవాత తను ఏడుస్తూ నవ్వింది, నేను నవ్వబోయి ఏడ్చాను. అక్కడ మూకుడులో పప్పులు మాడిపోయాయి, ఆ మాడు వాసన కూడా పట్టేసి, "అయ్యో మాడింది! మాడింది చూశారా!" అని చిన్నపిల్లలా గంతులేసింది.

అన్నీ రాలేదు. లవంగం ఇంకా తెలియడం లేదట, ఉల్లిపాయ ఇంకా రబ్బరేనట. క్యాన్ల దగ్గరికి వెళ్ళడానికి చాలా టైము పడుతుందని తనే చెప్తోంది. ఫరవాలేదు.

పెళ్ళయిన నాటినుంచీ మీ వదిన నన్ను డీజిలు కంపు కొట్టే డిపో బట్టలతో గుమ్మం దాటనివ్వలేదు, చెయ్యి పట్టుకుని నేరుగా పెరట్లో నీళ్ళ దగ్గరికి తోసేది. నిన్న రాత్రి భోజనం అయ్యేదాకా నన్ను స్నానం చెయ్యనివ్వలేదు.

మీ అన్నయ్య